జీవుల క్రోమోజోమ్ సంఖ్య

క్రోమోజోమ్ అంటే కణకేంద్రకంలోని ఒక్క నిడుపాటి డీఎన్ఏ పోగు. హిస్టోన్లనే ప్రొటీన్ ఉండలకు చుట్టుకుని, మెలిక మీద మెలిక పడి అది కేంద్రకంలో ఇమిడి ఉంటుంది. మనిషి ఒక్క కణంలోని పోగులన్నిటినీ విప్పి వరసగా పరిస్తే దాదాపు 2 మీటర్లు వస్తాయి; అవి పట్టే కేంద్రకం వెడల్పు మాత్రం మామూలుగా మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. కణం విభజనకు దిగినప్పుడే ఈ పోగులు దగ్గరగా ముడుచుకుంటాయి. అప్పుడు రంగు పట్టిస్తే సూక్ష్మదర్శినిలో పొట్టి కడ్డీల్లా కనబడతాయి. 1888లో జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు వాల్డేయర్ 'రంగు పట్టే దేహం' అనే అర్థంలో గ్రీకు మాటలు కలిపి వీటికి క్రోమోజోమ్ అని పేరు పెట్టాడు. ప్రతి కడ్డీకీ ఒకచోట నొక్కు ఉంటుంది. అదే సెంట్రోమియర్, విభజన వేళ కణం క్రోమోజోమును పట్టి లాగేది అక్కడే. రెండు కొసలకూ టీలోమియర్లు ఉంటాయి. కొసలు అరిగిపోకుండా, ఒకదానికొకటి అతుక్కోకుండా అవి కాపు కాస్తాయి. చాలా జీవుల శరీర కణాల్లో క్రోమోజోములు జతలుగా ఉంటాయి, జతలో ఒకటి తల్లి నుంచీ ఒకటి తండ్రి నుంచీ వస్తాయి. దీన్ని ద్వయస్థితి అంటారు. అండంలోనూ శుక్రకణంలోనూ జతకు ఒక్కటే ఉంటుంది, అది ఏకస్థితి.

ఒక జాతి క్రోమోజోముల సంఖ్యను, ఆకారాన్ని, పరిమాణాన్ని కలిపి కారియోటైప్ అంటారు. ఇందులో అందరికీ తెలిసింది సంఖ్య ఒక్కటే. ఏడిస్ దోమకు 6, ఈగకు 12, ఉల్లికి 16, వరికి 24, పిల్లికి 38, మనిషికి 46, ఆవుకు 60, గుర్రానికి 64, కుక్కకూ కోడికీ 78. పాఠ్యపుస్తకంలో ఈ పట్టిక చూసిన ప్రతివారికీ ఒక ప్రశ్న పుడుతుంది: ఈ అంకెలు దేన్ని కొలుస్తున్నాయి? జీవి స్థాయినా, తెలివినా, దేహ నిర్మాణంలోని సంక్లిష్టతనా? వీటిలో దేన్నీ కాదని సాక్ష్యాలన్నీ చెబుతున్నాయి. అలాగని ఆ అంకెలు అర్థం లేనివి కావు. క్రోమోజోమ్ సంఖ్య ఒక జాతి జన్యు సంపదను ఎన్ని కట్టలుగా కట్టారో చెబుతుంది. ఆ కట్టలు ఎప్పుడు కలిశాయో, ఎప్పుడు చీలాయో, ఎప్పుడు రెట్టించాయో వెతికి పట్టుకునేందుకు ఆనవాలు ఇస్తుంది. ఒకే మహాభారతాన్ని ఒక ప్రచురణకర్త మూడు సంపుటాలుగా, మరొకరు పదిహేనుగా అచ్చువేయవచ్చు; సంపుటాల లెక్క చూసి కథ పెద్దదో చిన్నదో చెప్పలేం. కానీ ఒక సంపుటం తప్పిపోయినా, ఒకటి రెండుసార్లు వచ్చి చేరినా పాఠకుడికి ఇబ్బందే. ఈ రెండు సంగతులనూ కలిపేయడం వల్లే క్రోమోజోమ్ సంఖ్య గురించిన అపోహలు చాలావరకు పుట్టాయి.

లెక్క కుదిరిన తీరు

క్రోమోజోములను లెక్కపెట్టడం ఒకప్పుడు ఎంత కష్టమో మనిషి లెక్కే సాక్ష్యం. 1882 నాటికే ఫ్లెమింగ్ కణవిభజన దశలను వర్ణించాడు. 1902, 1903లలో బోవరీ, సటన్ ఎవరికి వారుగా మెండెల్ చెప్పిన వారసత్వ కారకాలు క్రోమోజోముల మీదే ఉండాలని వాదించారు. 1905లో నెటీ స్టీవెన్స్ పిండిపురుగుల్లో మగదాని కణాల్లో ఒక క్రోమోజోమ్ పొట్టిగా ఉండటం గమనించి, లింగ నిర్ణయాన్ని దానితో ముడిపెట్టింది. సిద్ధాంతం ఇంత దూరం వచ్చినా మనిషి క్రోమోజోములు ఎన్నో తేలలేదు. 1923లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు పెయింటర్ వృషణ కణజాలపు పలుచని కోతలను పరిశీలించి 48 అని ప్రకటించాడు. కడ్డీలు ఒకదాని మీద ఒకటి పడి ఉండటంతో ఆ లెక్క తప్పింది. ఆ తరువాత మూడు దశాబ్దాల పైచిలుకు చూసినవారికి 48 కనబడుతూనే వచ్చింది. కణాలను ఉప్పు తక్కువ ఉన్న ద్రావణంలో నానబెడితే అవి ఉబ్బి క్రోమోజోములు విడివిడిగా పరుచుకుంటాయని 1950లలో తెలిసింది. కాల్చిసిన్ అనే మందు విభజనను సరిగ్గా కడ్డీలు స్పష్టంగా ఉండే దశలో ఆపేస్తుంది. ఈ రెంటినీ వాడి స్వీడన్‌లోని లుండ్‌లో ఇండొనేషియాలో పుట్టిన జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్ 46 అని లెక్కతేల్చి 1956లో ప్రచురించారు. డీఎన్ఏ జంట మెలికల నిర్మాణం 1953లోనే తెలిసిపోయింది. అంటే పోగు నిర్మాణం తెలిసిన మూడేళ్లకు గాని పోగులు ఎన్నో మనిషికి తెలియలేదు.

సంఖ్యకూ స్థాయికీ పొంతన లేదు

సంఖ్యల విస్తృతిని చూస్తే స్థాయి వాదం నిలవదు. ఆస్ట్రేలియాలోని ఒక గెంతే చీమ జాతిలో ఆడ చీమకు ఒక్క జతే, అంటే 2 క్రోమోజోములు. ఫలదీకరణ లేని గుడ్డు నుంచి పుట్టే మగ చీమకు ఒకే ఒక్కటి. ఇంతకన్నా తక్కువకు చోటు లేదు. రెండో కొసన ఓఫియోగ్లాసమ్ రెటిక్యులేటమ్ అనే ఫెర్న్ ఉంది. నేలను అంటుకుని, ఒక్క ఆకుతో, దాని మధ్య ఒక కాడతో బతికే చిన్న మొక్క అది. దానికి సుమారు 630 జతలు, అంటే 1,260 వరకు క్రోమోజోములున్నట్టు లెక్కించారు. చీమల పుట్టలో శ్రమ విభజన, సమాచార వినిమయం, సంతాన పోషణ ఉన్నాయి. ఫెర్న్‌కు వేరు, ఆకు, సిద్ధబీజాల కాడ తప్ప మరేమీ లేవు. ఒకే సంఖ్య ఉన్నంత మాత్రాన బంధుత్వమూ తేలదు. వరి, టమాటా, మిరప మూడింటికీ 24. చింపాంజీ, పొగాకు, బంగాళాదుంప మూడింటికీ 48.

సంఖ్య కాకపోతే మొత్తం డీఎన్ఏ అయినా సంక్లిష్టతను కొలవాలి కదా అని అడగవచ్చు. ఇదీ కుదరదు. మనిషి ఒక్క సెట్టు క్రోమోజోముల్లో సుమారు 305 కోట్ల క్షార జతలున్నాయి. వరిలో సుమారు 40 కోట్లు, ఉల్లిలో దాదాపు 1,600 కోట్లు. వంటింట్లో కోసే ఉల్లిగడ్డ కణంలో మనిషి కణంలో కన్నా అయిదు రెట్ల డీఎన్ఏ, మూడో వంతు క్రోమోజోములు ఉన్నాయన్నమాట. తేడాలో అత్యధిక భాగం తమను తాము నకలు చేసుకుంటూ పేరుకుపోయిన పునరావృత వరసలదే. ప్రొటీన్లు తయారుచేసే జన్యువుల సంఖ్యలో ఇంత తేడా లేదు. కాబట్టి జీవి సంక్లిష్టతకు క్రోమోజోముల లెక్క ఎంత దూరమో, డీఎన్ఏ పొడవూ అంతే దూరం. జన్యువులు ఎప్పుడు, ఎక్కడ, ఎంత మేర పనిచేయాలో నిర్ణయించే నియంత్రణలో ఆ సంక్లిష్టత ఉంది.

కలిసిన కట్టలు, చీలిన కట్టలు

సంఖ్య స్థాయిని చెప్పదు, చరిత్రను చెబుతుంది అనడానికి మన పశువుల కొట్టమే మంచి ఉదాహరణ. ఆవుకు 60, మేకకు 60, గొర్రెకు 54, ముర్రా వంటి నదీ జాతి గేదెకు 50. ఆవులో లింగ క్రోమోజోములు మినహా 29 జతలున్నాయి; వాటన్నిటికీ నొక్కు ఒక కొసనే ఉంటుంది, అంటే ఒక్కో క్రోమోజోముకు ఒక్క చెయ్యే. గేదెలో అయిదు జతలకు నొక్కు మధ్యలో ఉండి రెండేసి చేతులుంటాయి. ఆ పది చేతులనూ ఆవు క్రోమోజోములతో పోల్చి చూస్తే, పది వేరువేరు ఆవు క్రోమోజోములతో సరిపోతాయి. పది జతలు నొక్కుల దగ్గర రెండు రెండుగా అతుక్కుని అయిదు జతలయ్యాయి. 60లోంచి 10 తగ్గి 50 అయింది. గొర్రెలో అలాంటి అతుకులు మూడు, అందుకే 54. చేతుల లెక్క చూస్తే మూడింటిలోనూ ఒకటే. ఇలాంటి అతుకును దాన్ని వర్ణించిన శాస్త్రజ్ఞుడి పేరు మీద రాబర్ట్‌సన్ కలయిక అంటారు. వట్టి అంకెలుగా కనబడే 60, 54, 50 ఈ వెలుగులో ఒక ఉమ్మడి పూర్వీకుడి నుంచి దిగివచ్చిన వంశవృక్షంగా మారతాయి.

ఈ పద్ధతి ఎంత దూరం పోగలదో ముంట్జాక్ జింకలు చూపుతాయి. కుక్కలా మొరుగుతుంది కనుక దీన్ని మొరిగే జింక అంటారు. తూర్పు కనుమల అడవుల్లోనూ ఉంది. భారతీయ ముంట్జాక్ ఆడదానికి 6, మగదానికి 7 క్రోమోజోములు, పాలిచ్చే జంతువుల్లో ఇంతకన్నా తక్కువ ఎక్కడా కనబడలేదు. దాని దగ్గరి చుట్టం చైనా ముంట్జాక్‌కు 46. రెండూ చూడటానికి ఒకే పోలిక. బంధించి ఉంచినప్పుడు వాటి మధ్య సంకర పిల్లలు కూడా పుట్టాయి. 46ను 6కు తెచ్చింది జన్యువులు పోవడం కాదు, కొసలూ నొక్కులూ ఒకదానికొకటి అతుక్కుంటూ పోవడం. అతుకుపడిన చోట్ల పాత టీలోమియర్ల శిథిలాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. మనిషిలోనూ ఇదే జరిగింది. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్ మూడింటికీ 48. వాటిలో విడివిడిగా ఉన్న రెండు క్రోమోజోములు మనలో కొసలు కలిసి రెండో క్రోమోజోమ్ అయ్యాయి. కొసన ఉండవలసిన టీలోమియర్ వరసలు ఆ క్రోమోజోమ్ నడిమధ్యన ఎదురెదురుగా ఉన్నాయని 1991లో తేలింది. పనిచేయని రెండో నొక్కు జాడ కూడా అందులో ఉంది.

వ్యతిరేక దిశలో చీలికలకు సీతాకోకచిలుకలు సాక్ష్యం. ఈ వర్గంలో చాలా జాతులకు 31 జతలే ఉంటాయి. పూర్వీకుల నాటి 32 కట్టలను నేటి జాతుల్లో గుర్తించి, కీటకాలను చిత్రించిన మరియా మేరియన్ పేరు వాటికి పెట్టారు. అయినా ఉత్తర ఆఫ్రికాలోని అట్లాస్ నీలి సీతాకోకచిలుకకు 229 జతలున్నాయి. ఈ కీటకాల్లో నొక్కు ఒక్కచోట ఉండదు. క్రోమోజోమ్ పొడవునా పట్టు దొరుకుతుంది. అందువల్ల ముక్కలైనా ప్రతి ముక్కనూ కణం లాగగలదు. మనిషి క్రోమోజోమ్ అలా తెగితే నొక్కు లేని ముక్క విభజనలో దిక్కులేకుండా పోతుంది. ఏ జాతిలో సంఖ్య ఎంత సులభంగా మారుతుందో ఈ యాంత్రిక ఏర్పాటు కూడా నిర్ణయిస్తుంది.

ఇవన్నీ గతాన్ని ఊహించి చెప్పే సాక్ష్యాలే కదా అనే ఆక్షేపణకు ప్రయోగశాల సమాధానం 2018లో వచ్చింది. రొట్టె పిండిని పులియబెట్టే ఈస్ట్‌కు ఏకస్థితిలో 16 క్రోమోజోములు. షాంఘై బృందం 15 సెంట్రోమియర్లను, 30 టీలోమియర్లను తీసేసి పదహారింటినీ ఒక్కటిగా అతికింది. న్యూయార్క్ బృందం రెండుగా కుదించింది. జన్యువులు దాదాపు అన్నీ ఉన్నాయి, కట్టలే మారాయి. ఆ ఈస్ట్ బతికింది, దాదాపు మామూలుగానే పెరిగింది. కానీ కట్టల సంఖ్య బాగా తగ్గిన రకాన్ని 16 ఉన్న రకంతో సంకరం చేసినప్పుడు బతికే సిద్ధబీజాలు పుట్టడం దాదాపు ఆగిపోయింది. జీవించడానికి సంఖ్య అడ్డు కాలేదు, సంతానానికి అయింది. ఈ వ్యాసం వాదన అంతా ఆ ఒక్క ప్రయోగంలో ఉంది.

రెట్టించిన సెట్టులు

కలయిక, చీలికలు కట్టలనే మారుస్తాయి. మొక్కల్లో మరొక దారి కూడా విరివిగా ఉంది: మొత్తం సెట్టే రెట్టించడం. దీన్ని బహుస్థితికత అంటారు. 1935లో కొరియా మూలాలున్న జపాన్ శాస్త్రజ్ఞుడు నాగహారు యు ఆవాల కుటుంబంలో దీన్ని ముక్కోణంగా చూపాడు. టర్నిప్ జాతికి 20, నల్ల ఆవాలకు 16. ఈ రెండూ కలిసి, రెండు సెట్టులూ నిలిచిపోతే 36. మనం పోపులో వేసే ఆవాల మొక్కకు ఉన్నవి ఆ 36 క్రోమోజోములే. దేశవాళీ పత్తికి 26. అమెరికా పత్తికి 52, ఎందుకంటే అది పాత ప్రపంచపు పత్తి వంశమూ అమెరికా అడవి పత్తి వంశమూ ఏకమై పుట్టింది. ఒక్కొక్కటి 20 క్రోమోజోములున్న రెండు దక్షిణ అమెరికా అడవి జాతులు కలిసి 40 ఉన్న వేరుశనగ అయింది. గోధుమలో మూడు గడ్డి జాతుల సెట్టులు కలిసి 42 అయ్యాయి. చెరకు కథ మరీ చిక్కు. తీపి చెరకుకు 80. దాన్ని తెగుళ్లకు తట్టుకునే రెల్లుతో కోయంబత్తూరు పరిశోధకులు సంకరం చేశారు, రెల్లులో సంఖ్య 40 నుంచి 128 దాకా ఊగుతుంది. నేటి చెరకు రకాల్లో 100 నుంచి 130 వరకు క్రోమోజోములుంటాయి. 1930లలో అక్కడ పనిచేసిన ఇ.కె. జానకీ అమ్మాళ్ ఈ సంకరాల క్రోమోజోములను విశ్లేషించింది, 1945లో సి.డి. డార్లింగ్టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోమ్ సంఖ్యల సంకలనం వెలువరించింది. రెట్టింపు మేలే చేస్తుందని అనుకోనక్కరలేదు. మూడు సెట్టులున్న మొక్కలో జతలు కుదరవు, గింజ కట్టదు. మనం తినే అరటిపండ్లలో చాలా రకాలకు 33 క్రోమోజోములు, పదకొండేసి చొప్పున మూడు సెట్టులు. పండులో గింజ లేకపోవడానికి అదొక కారణం. అరటిని పిలకలతోనే నాటవలసి రావడానికీ అదే మూలం.

సంఖ్య ముఖ్యం కాకపోతే

ఇక అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ. సంఖ్యకు అంత విలువ లేకపోతే ఒక్క క్రోమోజోమ్ ఎక్కువైతే డౌన్ సిండ్రోమ్ ఎందుకు వస్తుంది? 1959లో ఫ్రాన్స్‌లో లెజూన్ బృందం ఈ పిల్లల కణాల్లో 47 క్రోమోజోములున్నాయని చూపింది. అదనంగా ఉన్నది ఇరవై ఒకటో క్రోమోజోమ్. చూడబోతే సంఖ్యే దోషి. కానీ ఇదే స్థితికి మరో రూపం ఉంది. కొందరు పిల్లల్లో అదనపు ఇరవై ఒకటో క్రోమోజోమ్ విడిగా ఉండక, పద్నాలుగో క్రోమోజోముకు అతుక్కుని ఉంటుంది. లెక్కపెడితే 46 వస్తాయి, అయినా డౌన్ సిండ్రోమ్ ఉంటుంది. ఆ పిల్లల తల్లికో తండ్రికో అదే అతుకు ఉండి, విడి ఇరవై ఒకటో క్రోమోజోమ్ ఒక్కటే ఉంటే, లెక్క 45. వారు ఆరోగ్యంగానే ఉంటారు. దాదాపు వెయ్యి మందిలో ఒకరికి ఇలాంటి రాబర్ట్‌సన్ అతుకు ఉంటుందని అంచనా. 46 ఉన్నచోట లోపం, 45 ఉన్నచోట ఆరోగ్యం: కీడు చేసేది లెక్క కాదు, మోతాదు. ఒక క్రోమోజోములోని వందలాది జన్యువులు మూడు మోతాదుల్లో పనిచేస్తుంటే మిగతా అన్నీ రెండేసి మోతాదుల్లోనే ఉండటం వల్ల పొందిక చెడుతుంది. 1920లలో ఆల్బర్ట్ బ్లేక్‌స్లీ ఉమ్మెత్త మీద చేసిన పని దీన్నే రుజువు చేసింది. ఉమ్మెత్తకు 12 జతలు. ఒక్కో క్రోమోజోమ్ అదనంగా ఉన్న 12 రకాలను అతడు గుర్తించాడు. కాయ ఆకారం చూసి ఏది ఏ రకమో చెప్పగలిగేంతగా అవి వేరుపడ్డాయి. మొత్తం సెట్టులు రెట్టించిన ఉమ్మెత్తలో మాత్రం సంఖ్య ఎంతో పెరిగినా అన్నీ సమపాళ్లలోనే పెరగడంతో వంకర అంతగా కనబడలేదు.

రెండో ఆక్షేపణ: కట్టల లెక్క యాదృచ్ఛికమైతే ఒక జాతి అంతటా అదే సంఖ్య ఎందుకు స్థిరంగా ఉంటుంది? జవాబు క్షయకరణ విభజనలో ఉంది. అండం, శుక్రకణం తయారయ్యేటప్పుడు తల్లి క్రోమోజోమ్, తండ్రి క్రోమోజోమ్ పక్కపక్కన చేరి జతకట్టాలి. గుర్రం 64, గాడిద 62. వాటికి పుట్టిన కంచరగాడిదకు 63. అది బండెడు బరువు మోస్తుంది, కానీ సాధారణంగా సంతానం కనదు. దీనికి బేసి సంఖ్యే కారణమని చెప్పడం పరిపాటి. అయితే మంగోలియా అడవి గుర్రానికి 66. దానికీ పెంపుడు గుర్రానికీ పుట్టిన పిల్లకు 65, అదీ బేసే. అయినా ఆ పిల్లలు సంతానవంతులు. అక్కడ తేడా ఒక్క అతుకుదే కనుక రెండు విడి క్రోమోజోములు ఒక అతుకుపడ్డదాని పక్కన సర్దుకుంటాయి; గుర్రానికీ గాడిదకూ మధ్య మార్పులు చాలా చోట్ల పడ్డాయి. నదీ గేదెకూ (50) ఆగ్నేయాసియా చిత్తడి గేదెకూ (48) పుట్టిన 49 క్రోమోజోముల దూడలు కూడా సంతానవంతులే. కాబట్టి సంఖ్యను స్థిరంగా ఉంచేది జత కుదరడం అనే నిబంధన. ఆ నిబంధనకు కొంత సడలింపు ఉంది. మనిషి వంశంలో కొత్త అతుకు మొదట ఒక్కరిలోనే వచ్చి ఉంటే వారికి జత ఎవరు అనే సందేహానికీ ఇదే సమాధానం. అతుకు మోసేవారు సంతానం కనగలరు. అలాంటి ఇద్దరు కలిస్తే అతుకు రెండు వైపుల నుంచీ రావచ్చు. దగ్గరి బంధువుల మధ్య పెళ్లి జరిగిన కుటుంబంలో 44 క్రోమోజోములతో ఆరోగ్యంగా ఉన్న వ్యక్తి వైద్యుల నమోదులో ఉన్నాడు.

సంఖ్యకు నేరుగా చెందిన పని ఒకటుంది, దాన్ని కాదనలేం. జతల్లో ఏది అండంలోకి పోవాలో ప్రతి జతకూ విడిగా నిర్ణయమవుతుంది. మనిషి 23 జతల నుంచి ఇలా 83,88,608 రకాల కూర్పులు సాధ్యం. 84 లక్షల జీవరాశులన్న పాత మాటకు ఇది ఇంత దగ్గరగా రావడం కాకతాళీయమే. ఆడ ముంట్జాక్ మూడు జతలకు కూర్పులు ఎనిమిదే. ఎక్కువ కట్టలుంటే పేకముక్కలు ఎక్కువగా కలుస్తాయి. అయితే జతలోని రెండూ తమలో తాము ముక్కలు మార్చుకునే పారగతి కూడా ఉండటం వల్ల ఈ తేడా చాలావరకు తగ్గుతుంది. లింగాన్ని నిర్ణయించే ఏర్పాటూ జాతిని బట్టి మారుతుంది: మనుషుల్లో ఎక్స్, వై, కోళ్లలో, చాలా పాముల్లో జెడ్, డబ్ల్యు క్రోమోజోములు, తేనెటీగల్లో సంఖ్యలోనే తేడా, ఆడవాటికి 32, మగవాటికి 16. మగ తేనెటీగకు సగం సంఖ్యే ఉన్నా అది వికలాంగి కాదు, సెట్టు సంపూర్ణంగా ఉంది కనుక. బ్యాక్టీరియాల్లో కేంద్రకమే లేదు, ఈ. కోలైకి గుండ్రంగా ముడిపడిన ఒక్క క్రోమోజోమ్, కలరా క్రిమికి రెండు.

అందువల్ల ఒక జీవి క్రోమోజోమ్ సంఖ్య విన్నప్పుడు అది పెద్దదా చిన్నదా అని అడగడం కన్నా మూడు ప్రశ్నలు అడగడం మేలు. ఈ కట్టలు ఎవరి కట్టల నుంచి కలిసో చీలో వచ్చాయి? సెట్టులోని ప్రతిదీ సరిపడా మోతాదులో ఉందా? జత కట్టవలసిన వేళ జత కుదురుతుందా? మొదటిది జాతి గతాన్ని చెబుతుంది, రెండోది వ్యక్తి ఆరోగ్యాన్ని, మూడోది రాబోయే సంతానాన్ని. 45 క్రోమోజోములున్న ఆరోగ్యవంతురాలైన తల్లికి వైద్యుడు ఇచ్చే సలహాలో ఈ మూడూ కలుస్తాయి: అతుకు ఎక్కడ పడిందో చూడాలి, ఆమెలో మోతాదు సరిగానే ఉందని చెప్పాలి, అండంలోకి ఏ కట్ట పోతుందన్న అనిశ్చితిని వివరించాలి. అక్కడ 45 అన్న అంకె వైద్యుడి మాటకు ఆరంభం మాత్రమే.